గనిలో బంగారం: గ్రాస్ వెయిట్, నెట్ వెయిట్

ఉధ్నాలో జరిగిన తెలుగు సిబ్బంది కుటుంబాల ఆత్మీయ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

పిల్లల డ్యాన్సులకూ భోజనాలకూ మధ్య నాకు నలభై నిమిషాలు ఇచ్చారు. పులిహోర వాసన ఇక్కడిదాకా వస్తోంది కాబట్టి ముప్ఫై అయిదులో ముగించే ప్రయత్నం చేస్తాను.

బంగారు గని గురించి ఇప్పుడు, ఈ ఉధ్నాలో ఎందుకు అని మీకు అనిపించవచ్చు. కారణం మీలోనే ఒకరు. నాతో కలిసి పనిచేసిన మిత్రుడు, రిటైరై ఏడాది కూడా కాలేదు. ఆయన అనుమతితోనే చెబుతున్నాను, పేరు మాత్రం చెప్పను. గత నెల భార్యాభర్తలిద్దరూ మా ఇంటికి వచ్చారు. చేతిలో రంగురంగుల కరపత్రం ఉంది. ఎప్పుడో మూతపడ్డ ఒక భూగర్భ బంగారు గనిని తిరిగి తెరుస్తున్నారట. షేర్లు మార్కెట్లోకి రాకముందే తెలిసినవాళ్ళకు ఇస్తున్నారట. గ్రాట్యుటీ డబ్బులోంచి పదిహేను లక్షలు పెడదామని ఆయన ఆలోచన. "అన్నా, మీరు హెడ్డాఫీసులో మైనింగ్ ప్రపోజల్స్ చూసేవారు కదా, ఒక్కసారి ఇది చూడండి" అన్నాడు. ఆవిడ మాత్రం "అన్నయ్యగారూ, అమ్మాయి పెళ్ళి ఇంకా ఉంది" అని ఒక్క ముక్క అని ఊరుకుంది.

ఆ కరపత్రంలో పెద్ద అక్షరాలతో ఉన్నది ఇది: భూమిలో 10 టన్నుల బంగారం, విలువ 10,000 కోట్లు. గుణకారం సరిగ్గానే ఉంది. పది టన్నులంటే కోటి గ్రాములు. గ్రాము పదివేలు వేసుకుంటే పదివేల కోట్లే. తప్పు గుణకారంలో లేదు, అసలు ఆ గుణకారం చేయడంలోనే ఉంది. అదెలాగో చెప్పడానికే ఈ ప్రసంగం.

మన బ్రాంచికి గోల్డ్ లోన్ కోసం ఒకావిడ వడ్డాణం తెచ్చిందనుకోండి. అప్రైజర్ ముందు మొత్తం తూకం వేస్తాడు. అది గ్రాస్ వెయిట్. తర్వాత రాళ్ళు, లక్క, దారం తీసేసి లెక్క కడతాడు. అది నెట్ వెయిట్. ఆ తర్వాత గీటురాయి మీద గీసి 22 క్యారెట్లా, 18 క్యారెట్లా చూస్తాడు. అప్పుడు కూడా పూర్తి విలువకు అప్పు ఇవ్వం, మార్జిన్ పెట్టుకుంటాం. మన ఇంట్లో ఆడవాళ్ళకు ఇవన్నీ మనకంటే బాగా తెలుసు. గని లెక్క కూడా అచ్చం ఇంతే. కాకపోతే ఇక్కడ వడ్డాణం అర కిలోమీటరు లోతున, చీకట్లో, నీళ్ళలో ఉంటుంది. అప్రైజర్ దాన్ని కంటితో చూడలేడు.

టన్నుకు 5 గ్రాములు అంటే భూగర్భ గనికి మంచి ఖనిజం కిందే లెక్క. ఒక టన్ను రాయి ఎంత ఉంటుంది? సుమారు మన వంటింట్లో ఉండే సింగిల్ డోర్ ఫ్రిజ్ అంత. అంత రాయిని పొడిపొడి చేస్తే వచ్చేది అర తులం. ఇక్కడ నగల వీధుల్లో తెల్లవారకముందే దుకాణాల ముందు మట్టి ఊడ్చి, కాలవ బురద ఎత్తి కడిగేవాళ్ళని మీరు చూసే ఉంటారు. ధూళ్ ధోయా అంటారు వాళ్ళని. వాళ్ళు చేసేదీ గని పనే. వాళ్ళకి ఓ సౌకర్యం ఉంది, బురద రోడ్డు మీదే దొరుకుతుంది.

సూరత్‌లో ఉన్నాం కాబట్టి ఇంకో మాట. ఇక్కడ తయారయ్యే జరీ ధర్మవరం మగ్గాల దాకా వెళుతుంది. ఆ ధర్మవరానికి దగ్గర్లోనే రామగిరి ఉంది. అక్కడ నేల కింద బంగారం ఉంది. ఇంగ్లీషు కంపెనీల కాలంలో ఒకసారి, భారత్ గోల్డ్ మైన్స్ కాలంలో ఇంకోసారి తెరిచి, రెండుసార్లూ మూసేసిన గనులు అవి. పట్టుచీర నేసే ఊరి పక్కనే బంగారం ఉన్నా, చీర అంచుకి బంగారు పూత దారం మాత్రం సూరత్ నుంచే రావాలి. భూమిలో బంగారం ఉండటానికీ, అది గిట్టుబాటు కావడానికీ మధ్య దూరం ఎంతో రామగిరిని చూస్తే తెలుస్తుంది.

మొదటి ప్రశ్న: ఆ 5 గ్రాములు అని చెప్పింది ఎవరు? ఎలా కొలిచారు?

ఇనుప ఖనిజం పప్పులో ఉప్పు లాంటిది. ఏ మూల గరిటె ముంచినా రుచి ఒక్కటే. బంగారం పులిహోరలో పల్లీల లాంటిది. ఒక గరిటెలో పది వస్తాయి, ఇంకో గరిటెలో ఒక్కటీ రాదు. అందుకే నాలుగు చోట్ల డ్రిల్లింగ్ చేసి సగటు చెబితే నమ్మడానికి లేదు. దగ్గర దగ్గరగా వందల బోర్లు వేయాలి. రాతిని గుండ్రటి కడ్డీల్లా బయటికి తీస్తారు, దాన్ని కోర్ అంటారు. ఆ కడ్డీని నిలువునా రెండుగా కోసి, ఒక సగం పరీక్షకు పంపి, రెండో సగం పెట్టెలో నంబరు వేసి దాచాలి. రేపు ఎవరికైనా అనుమానం వస్తే ఆ రెండో సగమే సాక్షి.

ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, కెనడాలో బ్రీ-ఎక్స్ అని ఒక కంపెనీ ఉండేది. ఇండోనేషియా అడవుల్లో బుసాంగ్ అనే చోట ప్రపంచంలోనే పెద్ద బంగారు నిక్షేపం దొరికిందని 1990ల మధ్యలో ప్రకటించింది. పెద్ద పెద్ద పెన్షన్ ఫండ్లు కూడా ఆ షేర్లు కొన్నాయి. కంపెనీ విలువ వందల కోట్ల డాలర్లకు చేరింది. 1997లో భాగస్వామిగా రావాలనుకున్న ఇంకో కంపెనీ వచ్చి, పాత బోర్ల పక్కనే తన సొంత బోర్లు వేసుకుంది. బంగారం లేదు. పొడి చేసిన నమూనాల్లో బయటి నుంచి తెచ్చిన బంగారపు రజను కలిపారు. బ్రీ-ఎక్స్ వాళ్ళు కోర్‌ను సగం కోసి దాచే అలవాటు పాటించలేదు, మొత్తం పొడి చేసేశారు. అప్పట్లో అది చాలామందికి చిన్న విషయంగా కనిపించింది. ప్రపోజల్‌లో మొదటి పేజీ కంటే కోర్ షెడ్డు ఎక్కడుందన్న ప్రశ్నే ముఖ్యమని నాకు నేర్పింది ఆ కథే.

మన దేశంలో నిక్షేపాల లెక్కకు మూడంకెల కోడు ఒకటి ఉంది. మొదటి అంకె గిట్టుబాటు గురించి, రెండోది సాధ్యాసాధ్యాల అధ్యయనం ఎంతవరకు జరిగింది అన్నదాని గురించి, మూడోది భూగర్భ పరిశోధన ఎంత వివరంగా జరిగింది అన్నదాని గురించి చెబుతుంది. 111 అంటే మూడు పరీక్షలూ పాసైన సరుకు. దాన్నే రిజర్వ్ అంటారు. 333 అంటే అక్కడ ఖనిజం ఉందని తేలింది, తీస్తే గిట్టుతుందో లేదో ఎవరూ తేల్చలేదు. అది రిసోర్స్. కరపత్రాలు రాసేవాళ్ళు ఈ రెండు మాటల్నీ ఒకే అర్థంలో వాడేస్తారు. మిత్రుడు తెచ్చిన కరపత్రంలో కోడు అసలే లేదు.

ఇప్పుడు ఇంజనీరింగ్. ఇక్కడ మా ఇంటి కథ కొంచెం చెప్పక తప్పదు.

మాది కుప్పం వైపు. మా పెదనాన్న కోలారు బంగారు గనుల్లో పనిచేశాడు. సోమవారం తెల్లవారుజామున రైలెక్కి బంగారుపేటలో దిగి, అక్కడ మారికుప్పం బండి పట్టుకునేవాడు. శనివారం రాత్రి వచ్చేవాడు. మాకు చిన్నప్పుడు ఆయన బంగారం తెస్తాడని ఆశ. ఆయన తెచ్చేది దగ్గు. "పెదనాన్నా, లోపల ఎలా ఉంటుంది?" అని అడిగితే "పెనం మీద అట్టు ఎలా ఉంటుందో అలా ఉంటుందిరా" అనేవాడు.

అది అతిశయోక్తి కాదు. కోలారులో ఛాంపియన్ రీఫ్ గని దాదాపు 3,200 మీటర్ల లోతుకు వెళ్ళింది. ఆ లోతులో రాతి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. పైన యంత్రాలతో గాలిని చల్లబరిచి లోపలికి పంపాలి. తవ్వే కొద్దీ చుట్టూ ఉన్న రాతి మీద ఒత్తిడి పెరిగి, ఉన్నట్టుండి బాంబులా పేలుతుంది. రాక్ బరస్ట్ అంటారు. పైన ఇళ్ళల్లో గిన్నెలు కదిలితే ఆడవాళ్ళకు అర్థమైపోయేదట, లోపల ఏదో జరిగిందని. అంత లోతు కాబట్టే 1965లో శాస్త్రవేత్తలు అక్కడ న్యూట్రినోలను పట్టుకోగలిగారు. అంతరిక్షం నుంచి వచ్చే మిగతా కిరణాలేవీ ఆ రాతిని దాటి రాలేవు కాబట్టి. పెదనాన్నకి న్యూట్రినో సంగతి తెలీదు. పైకి వచ్చే దారి ఎంత దూరమో తెలుసు.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అక్కడ పని మొదలుపెట్టినప్పటి నుంచి, 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ గనులు మూసేవరకు, నూట ఇరవై ఏళ్ళలో అక్కడ తీసిన బంగారం దాదాపు 800 టన్నులు. ఎంత పెద్ద సంఖ్య! కానీ మన దేశం ఒక్క ఏడాదిలో దిగుమతి చేసుకునే బంగారం సుమారుగా అంతే ఉంటుంది. కోలారు గనుల జీవితకాల కష్టం మనకు ఒక సంవత్సరం పెళ్ళిళ్ళ సీజన్లకి సరిపోతుంది.

మూసేయడానికి కారణం బంగారం అయిపోవడం కాదు. మొదట్లో టన్నుకు 40 గ్రాములకు పైగా వచ్చిన రాయి, చివరికి 3 గ్రాములకు దిగింది. 2001లో పది గ్రాముల ధర నాలుగు వేల మూడు వందల చిల్లర. అంటే ఒక టన్ను రాతిలో ఉన్న బంగారం విలువ 1,300 రూపాయల లోపే. ఆ టన్ను రాయిని రెండు మూడు కిలోమీటర్ల లోతులో పేల్చి, మోసి, పైకి లాగి, నీళ్ళు తోడి, గాలి పంపి, పొడిచేసి, సైనైడ్‌తో కడిగి, జీతాలిచ్చి 1,300 లోపల చేయగలరా? చేయలేకపోయారు. క్వార్టర్లలో ఉన్న కుటుంబాలకు మాత్రం ఆ లెక్క ఎవరూ ముందుగా చెప్పలేదు. మా పెదనాన్న కొడుకు ఆ తర్వాత బెంగళూరులో సెక్యూరిటీ గార్డు అయ్యాడు. రోజూ అదే మారికుప్పం బండిలో వెళ్ళి వచ్చేవాడు.

అదే కాలంలో రాయచూరు జిల్లా హట్టి గని మాత్రం నడుస్తూనే ఉంది, ఇప్పటికీ నడుస్తోంది. అదీ పాత గనే. నిజాం రాజ్యంలో ఉన్నప్పుడు, 1947లో, ఆ కంపెనీ పెట్టారు. కోలారుతో పోలిస్తే లోతు చాలా తక్కువ. దేశంలో రాతిలోంచి తీసే బంగారంలో సింహభాగం దానిదే. అంటే భూగర్భ బంగారు గని అన్నది దండగ అని నేననడం లేదు. లోతు, గ్రేడు, ధర - ఈ మూడూ కలిసి రావాలి. మా కుప్పం పక్కనే చిగర్గుంట–బిసనత్తం ఉంది. భారత్ గోల్డ్ మైన్స్ వాళ్ళవే, అవీ మూతపడ్డాయి. తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేలం వేస్తే ఎన్‌ఎండీసీకి దక్కింది. దాదాపు 18.3 లక్షల టన్నుల ఖనిజం, టన్నుకు 5.15 గ్రాములని అంచనా. తెలంగాణ వాళ్ళు ఇక్కడ ఎక్కువమంది ఉన్నారు కదా, మన సింగరేణి కూడా 2025లో రాయచూరు జిల్లా దేవదుర్గ్‌లో బంగారం, రాగి అన్వేషణకు లైసెన్సు గెలుచుకుంది. బొగ్గు బాయిలో వందేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు బంగారం వైపు చూస్తున్నారు. మంచిదే. అది అన్వేషణ లైసెన్సు అన్న మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. ఇంకా బోర్లు వేసే దశే.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. అది చెప్పకుండా పై మాటలన్నీ చెప్పడం బాగుండదు.

గ్రాము ధర మూడు వేల దగ్గర ఉన్న రోజుల్లో, ఒక కంపెనీ పాత భూగర్భ గనిని తిరిగి తెరవడానికి అప్పు అడిగింది. కంపెనీ పేరు వద్దు, అంకెలు మీకు అర్థమయ్యేలా గుండ్రంగా చెబుతాను. ఖనిజం 20 లక్షల టన్నులు. టన్నుకు 5 గ్రాములు. అంటే 10 టన్నుల బంగారం. రోజుకు 500 టన్నులు, ఏడాదికి 300 రోజులు, అంటే ఏడాదికి లక్షన్నర టన్నుల రాయి. ప్లాంటులో 95 శాతం బంగారం చేతికొస్తుందని వాళ్ళు రాశారు. ఏడాదికి 712 కిలోలు, అమ్మకం 214 కోట్లు. టన్నుకు ఆరు వేలు ఖర్చు, మొత్తం 90 కోట్లు. ప్రభుత్వానికి రాయల్టీ, వేలంలో ఒప్పుకున్న వాటా కలిపి అమ్మకంలో నాలుగో వంతు, 53 కోట్లు. మిగిలేది 70 కోట్లు. ప్రాజెక్టు ఖర్చు 300 కోట్లలో మా అప్పు 200 కోట్లు, 11 శాతం వడ్డీ, ఎనిమిదేళ్ళలో తిరిగి చెల్లింపు. మొదటి ఏడాది వడ్డీ 22, అసలు 25, మొత్తం 47 కోట్లు. 70ని 47తో భాగిస్తే 1.5. మన భాషలో డీఎస్‌సీఆర్ బ్రహ్మాండం. నేను 'ఫీజిబుల్' అని నోట్ రాసి పైకి పంపేశాను.

మా డీజీఎంగారు మైనింగ్ చదువుకున్న మనిషి కాదు. తండ్రి కంసాలి. నోట్ చదివి నన్ను పిలిచి ఒకటే అడిగారు: "ఇందులో లక్క ఎంతయ్యా?"

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత చెమటలు పట్టాయి.

బంగారం ఉండే రాతి చార కొన్ని చోట్ల మీటరు కంటే సన్నగా ఉంటుంది. మనిషి, డ్రిల్లింగ్ మెషిను పట్టాలంటే అంతకంటే వెడల్పుగా తవ్వాలి. పేల్చినప్పుడు పక్క గోడల రాయి కూడా విరిగి కలుస్తుంది. అందులో బంగారం ఉండదు. అదే లక్క. డైల్యూషన్ అంటారు. ఇక రెండోది, ఉన్న ఖనిజమంతా తీయలేం. పైకప్పు కూలకుండా స్తంభాల్లా కొంత రాయి వదిలేయాలి. మూడోది, ఆ రాయితో 95 శాతం వస్తుందన్న మాటకు ఆధారం ఏదో చిన్న ల్యాబ్ పరీక్ష.

కూర్చుని మళ్ళీ లెక్క వేశాను. 20 లక్షల టన్నుల్లో 85 శాతమే తీయగలిగితే 17 లక్షలు, అందులో ఎనిమిదిన్నర టన్నుల బంగారం. దానికి 20 శాతం వట్టి రాయి కలిస్తే 20 లక్షల 40 వేల టన్నులు. మళ్ళీ మొదటికే వచ్చినట్టుంది కదా, రాయి అంతే ఉంది. కానీ గ్రేడు 5 నుంచి 4.17కి పడిపోయింది. ప్లాంటులో 90 శాతం వేసుకుంటే, ఏడాదికి 712 కిలోలు కాదు, 563. అమ్మకం 169 కోట్లు. ఖర్చు మాత్రం అదే 90, ఎందుకంటే వట్టి రాయిని మోయడానికీ అంతే ఖర్చు. ప్రభుత్వ వాటా 42. ఇక్కడ ఒక మెలిక ఉంది. 2015 తర్వాత వేలం పద్ధతిలో ప్రభుత్వానికిచ్చే వాటా అమ్మిన ఖనిజం విలువ మీద లెక్క కడతారు, లాభం మీద కాదు. నష్టం వచ్చినా కట్టాల్సిందే. చివరికి మిగిలేది 37 కోట్లు. కట్టాల్సింది 47. డీఎస్‌సీఆర్ 0.8 కూడా లేదు.

మూడు చిన్న అంకెలు, ఏదీ అబద్ధం కాదు, ఏదీ దొంగ లెక్క కాదు. నేను గ్రాస్ వెయిట్ మీద అప్పు ఇవ్వబోయాను. 200 కోట్లు డిపాజిటర్ల డబ్బు.

అదీ పన్నుల ముందు లెక్క. ఇంకా నీళ్ళ సంగతి రాలేదు. మూతపడ్డ గని నీళ్ళతో నిండిన బావే. అయిదు లక్షల ఘనపు మీటర్ల నీళ్ళున్నాయనుకోండి, గంటకు వంద ఘనపు మీటర్లు తోడే పంపులు పెట్టినా అయిదు వేల గంటలు, అంటే ఆగకుండా ఏడు నెలలు. ఆ ఏడు నెలలూ కొత్త ఊట వస్తూనే ఉంటుంది. తోడాక పాత షాఫ్టు గోడలు ఎలా ఉన్నాయో అప్పుడు తెలుస్తుంది. పాత మ్యాపులు సరిగ్గా లేకపోతే ప్రాణాల మీదికే వస్తుంది. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చస్నాలా బొగ్గు గనిలోకి పక్కన నిలిచిన నీళ్ళు విరుచుకుపడి మూడు వందల డెబ్బై మందికి పైగా చనిపోయారు. అందుకే పాత గని ప్రపోజల్ వస్తే నేను బ్యాలెన్స్ షీట్ కంటే ముందు గని మూసిన నాటి ప్లాను, సర్వేయర్ సంతకంతో సహా అడిగేవాణ్ణి. ఒక్క ఏడాది ఆలస్యమైతే చాలు, రూపాయి ఆదాయం రాకముందే వడ్డీ మరో 20 కోట్లు పెరుగుతుంది.

ఆ అప్పు ఇవ్వలేదు.

ఇక్కడితో ఆపితే నేను చాలా తెలివైనవాణ్ణని మీరు అనుకుంటారు. మిగతాది కూడా వినండి. తర్వాత బంగారం ధర పెరుగుతూ పోయింది. అయిదు వేలు, ఏడు వేలు, పదివేలు. ఇప్పుడు అదే గని, అదే 563 కిలోలు, గ్రాము పదివేలు వేసుకుంటే అమ్మకం 563 కోట్లు. ఖర్చు టన్నుకు పదివేలకు పెరిగినా 150, ప్రభుత్వ వాటా 141, మిగిలేది 270 కోట్లు. ఆ కంపెనీ పెద్దమనిషి ఒకసారి ఎయిర్‌పోర్టులో కనిపించి "మీరు అప్పు ఇచ్చి ఉంటే ఈపాటికి తీర్చేసి ఉండేవాణ్ణి సార్" అన్నాడు. నిజమే కావచ్చు. నా దగ్గర జవాబు లేదు. కాఫీ తాగించాడు, తాగాను.

కానీ రాత్రి పడుకున్నాక ఇంకో లెక్క గుర్తొస్తుంది. 1980 జనవరిలో ఔన్సు బంగారం 850 డాలర్లు దాటింది. అప్పుడు ఆ ధర చూసి గని తెరిచినవాడికి, రెండున్నరేళ్ళు తిరిగేసరికి ధర 300 దగ్గరికి వచ్చింది. 1999లో 250 దగ్గర ఉంది. 2011లో 1,900 తాకింది, 2015 చివరికి 1,050కి దిగింది. గని తెరవడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. ఇవాళ్టి ధర మీద మొదలుపెట్టి, అయిదేళ్ళ తర్వాతి ధరకు అమ్ముకుంటాం. అందుకే 'ఇవాళ ఎంత లాభం' అన్నదాని కంటే 'ఎంత ధరకు పడితే నష్టం' అన్నది అడగాలి. నేను చూసిన ఆ గనికి అప్పట్లో వాయిదాలు కూడా కలుపుకుంటే గ్రాముకు 3,245 కావాలి. మార్కెట్ ధర 3,000. ఆ 245 రూపాయలు దేవుడిస్తాడని బ్యాంకు అనుకోకూడదు. కంపెనీ అనుకోవచ్చు, అది వాళ్ళ డబ్బు, వాళ్ళ ధైర్యం.

ఎవరో చీటీ పంపారు: "కోలారు డంపుల్లో బంగారం ఉందంటారు, నిజమేనా?" నిజమే. అక్కడ 13 సైనైడ్ దిబ్బలున్నాయి, దాదాపు 3.3 కోట్ల టన్నులు. టన్నుకు ఒక గ్రాము కంటే తక్కువే. కానీ అది ఇప్పటికే పైకి లాగి పొడి చేసిన రాయి. ఖర్చులో సగానికి పైగా మా పెదనాన్నల తరం ఎప్పుడో పెట్టేసింది. అందుకే టన్నుకు 3 గ్రాములున్న లోతైన గని గిట్టకపోయినా, గ్రాము కూడా లేని దిబ్బ గిట్టవచ్చు. ఈ ఒక్క విషయం అర్థమైతే ఇవాళ నేను చెప్పినదంతా అర్థమైనట్టే.

మిత్రుడి సంగతికి వస్తాను. ఆయనకు నేను పెట్టమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఇవాళ్టి ధరల్లో మంచి గని ఉంటే నిజంగానే డబ్బు వస్తుంది, ఆ మాట దాచకూడదు. మూడు కాగితాలు అడగమన్నాను. ఒకటి, నిక్షేపం ఏ కోడు కింద ఉంది, దాని మీద సంతకం చేసిన జియాలజిస్టు ఎవరు, సగం కోర్ ఎక్కడ దాచారు. రెండు, డైల్యూషన్, వదిలేసే స్తంభాలు, ప్లాంటు రికవరీ తీసేశాక ఏడాదికి ఎన్ని కిలోలు, ఏ ధరకు పడితే నష్టం. మూడు, గని మూసిన నాటి ప్లాను, నీళ్ళు తోడటానికి ఎంత కాలం, ఎంత ఖర్చు.

ఆయన రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు. పది రోజులకు జవాబు వచ్చింది. ముందు కంటే మంచి కాగితం మీద, ఇంకా పెద్ద రంగుల బొమ్మలతో కొత్త కరపత్రం. కింద, ఈ నెలాఖరు లోపు కడితే షేరుకు అయిదు రూపాయలు తగ్గింపు అని ఉంది.

నిన్న సాయంత్రం ఫోన్ చేశాను. ఆవిడే ఎత్తింది. చెక్కుబుక్కు ఎక్కడుందని అడిగితే, "నా చీరల కింద ఉంది అన్నయ్యగారూ, ఆయనకి ఆ అర తెరవడం రాదు" అంది.

పులిహోర చల్లారుతోంది.